నెట్ పెద్దలకు వందనములు

“ఇయ్యాల ముగ్గురం ఎల్తన్నాం గాని, ఇంటికి ఇద్దరమే వస్తాం. సూస్తండండి” అంది బేబమ్మ, క్యారియరు మూత బిగిస్తూ.

హాల్లో నేలమీద కూర్చుని ప్రిస్కిల్లా కాగితాలకు పిన్నులు కొట్టుకుంటోంది. వాకిట్లో స్టూలు మీద కృపారావు చెప్పులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చెప్పునే మళ్లీ తుడుస్తున్నాడు.

“ముగ్గుర్లో ఎవర్ని ఉంచేసుకుంటారేటమ్మా?” అంది ప్రిస్కిల్లా తల ఎత్తకుండానే.

“ఎవర్నేటి? నెట్టు ఎవరి పేర్న ఉన్నాదో ఆళ్లని. మీ నాన్నని కూకోబెట్టీసి పోలీసోళ్లకి ఫోను సేస్తారు. మొన్న ఆ సెల్లుల కొట్టోణ్ని ఇలాగే పిలిసి...”

“వాడు దొంగ ఫోన్లు అమ్మేడు. నేను దొంగతనం చెయ్యలేదు.”

“సెయ్యలేదని నాకు తెలుసు. ఆళ్లకి తెలియాలి గదే!”

సోమవారం వచ్చిన నోటీసు టీవీ పక్కన ఇంకా అలాగే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి బేబమ్మకు చెయ్యి రావడంలేదు. దుమ్ము దులిపినా దాని చుట్టూ దులుపుతోంది. చదివింది ఏడో తరగతే అయినా, కూడబలుక్కుని చదివి చదివి ఆ నాలుగు వాక్యాలూ ఆమెకు బైబిల్ వాక్యభాగంలాగ కంఠతా వచ్చేశాయి. మీ కనెక్షన్ నుంచి సాఫ్ట్‌వేరు పెద్ద ఎత్తున ఇతరులకు పంపిణీ అవుతున్నది. ఇది చట్టవిరుద్ధమైన కాపీగా అనుమానించబడినది. శనివారం లోపల చట్టబద్ధమని రుజువు చేయని పక్షంలో కనెక్షన్ రద్దు చేసి వివరాలు పోలీసు వారికి పంపబడును.

ఈవేళ శనివారం.

నోటీసు సంగతి మిషన్ స్కూలుకు మంగళవారానికే పాకిపోయింది. తప్పు లేదని కంపెనీ నుంచి కాగితం తెచ్చేదాకా కంప్యూటర్ గదికి తాళం వేస్తామనీ, అంతవరకూ నువ్వూ రావద్దనీ అక్కడ కంప్యూటర్లు నేర్పే ప్రిస్కిల్లాకు హెడ్‌మిస్ట్రెస్ మెత్తగానే చెప్పింది. తుక్కు బండికి ఎక్కించబోయిన పధ్నాలుగు కంప్యూటర్లను ఆపి, విప్పి, తుడిచి, వాటిల్లో తెలుగు అక్షరాలు నడిపించింది ప్రిస్కిల్లా. ఆ గదికి తాళం పడిన దగ్గర్నుంచి పిల్ల కంచం ముందు కూర్చుంటోంది గానీ తినడంలేదు.

అది ఒక ఎత్తు. కృపారావు మౌనం ఒక ఎత్తు.

నోటీసు చదివి, మడతపెట్టి, టీవీ పక్కన పెట్టినవాడు పెట్టినట్టే నోరు మూసేశాడు. ఐదు రోజులు. కోపం వస్తే ఆయన కేకలేస్తాడు, బాధ కలిగితే కీర్తనల పుస్తకం తీస్తాడు. ముప్ఫైయేళ్ల కాపురంలో బేబమ్మకు ఆ రెండూ తెలుసు. ఈ మూడోది తెలియదు.

“ఏటండి, మీరైనా ఓ మాట సెప్పండి. పిల్లని తిట్టండి, లేదా నన్ను తిట్టండి. ఇలాగ కొయ్యలాగ కూకుంటే నాను సచ్చిపోతాను.”

కృపారావు రెండో చెప్పు అందుకున్నాడు.

గుమ్మంలో గిన్నె చప్పుడైంది. పక్కింటి లక్ష్మణమ్మ.

“నిన్న సీకటడ్డాక తోడట్టుకెల్లిన గిన్ని, బేబీ. మావోళ్లు దీపాలెట్టాక పెరుగు సుక్క గడప దాటనివ్వరు. ఏళాపాళా లేకుండా తోడు దొరికేది నీ కొంపలోనే తల్లీ.” గిన్నె ఇచ్చేసి మెడ సాగదీసి లోపలికి చూసింది. “పిల్ల మీద కేసంట గదా? కంప్యూటర్లోంచి ఏటో దొంగసాటుగా అమ్మిందంట?”

“అమ్మలేదు పిన్నీ. ఊరికే ఇచ్చాను” అంది ప్రిస్కిల్లా.

“ఊరికే ఇస్తే కేసేటే?” లక్ష్మణమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. “అయితే నా మీదా ఎట్టాలి. నా కోడలు అడక్కుండానే నా నగలన్నీ ఊరికే ఇచ్చీసినాను.” తన మాటకు తనే నవ్వుకుని, ఎవరూ నవ్వకపోయేసరికి కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ప్రిస్కిల్లా పిన్నుల మిషన్ కింద పెట్టింది. “అమ్మా, ఇలా చూడు. ఆ పెరుగు తోడు నువ్వు మొదట ఎక్కడ తెచ్చేవు?”

“ఇప్పుడు పెరుగు గోలేటే? బస్సెల్లిపోతాది.”

“చెప్పవే.”

“మీ నాన్నకి కొత్తవలస బదిలీ అయినప్పుడు, క్వార్టర్సులో అసిరమ్మ గారిచ్చింది. అప్పట్నుంచీ అదే.”

“ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పి ఇచ్చిందా ఆవిడ?”

“తోడు ఇవ్వొద్దని ఎవులంటారే? ఇస్తే తరిగిపోతాదేటి?”

“నేను చేసిందీ అంతేనమ్మా. స్కూల్లో పెట్టిన ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్లే ‘తీసుకోండి, కాపీ చేసుకోండి, పదిమందికీ పంచండి’ అని రాసిచ్చారు. మన కంప్యూటరు పగలంతా ఆన్‌లో పెట్టి, అడిగినవాళ్లకి అందేలా ఉంచాను. సినిమాలు దొంగతనంగా పంచేవాళ్లూ అలాగే పంచుతారు. అందుకని కంపెనీ మిషను నన్నూ వాళ్లనూ ఒకే గాటన కట్టేసింది. వాళ్లు రాసిచ్చిన మాట ఇదిగో, ఈ కాగితాల్లో ఉంది. ఇది చూపిస్తే చాలు.”

బేబమ్మకు అర్థమైంది. ఐదు రోజుల్లో మొదటిసారి పూర్తిగా అర్థమైంది. దాంతో గోడకు చేరబడింది. పిల్ల నిజంగానే ఏ తప్పూ చెయ్యలేదు. అయితే మంగళవారం తను చేసిన పనేమిటి?

*

బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చినా బేబమ్మ బయటికి చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న జిప్పు సంచిని రెండు చేతులతో పొదువుకుని కూర్చుంది.

ఆ సంచిలో రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, పాత కరెంటు బిల్లులు, కృపారావు పెన్షన్ కాగితాలు, ఇంటికొచ్చిన ప్రతి వస్తువు గ్యారంటీ చీటీ, ముగ్గురి బాప్తిస్మం సర్టిఫికెట్లు ఉన్నాయి. బయల్దేరేటప్పుడు ప్రిస్కిల్లా నవ్వింది కూడా.

“బాప్తిస్మం సర్టిఫికెట్ నెట్ కంపెనీ వాడికెందుకే?”

“ఏ కాగితం ఎప్పుడడుగుతారో నీకెరికా? ఉండనీ.”

కానీ అసలు కాగితం ఆ సంచిలో లేదు. అది మంగళవారమే చేయి దాటిపోయింది.

కృపారావు చర్చిలో డీకను, సంఘపెద్దల్లో ఒకడు. ఎవరైనా తప్పు చేస్తే వాళ్లను ప్రభువు బల్లకు, రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనకు, దూరంగా ఉంచుతారు. వాళ్లు క్షమాపణ పత్రం రాసి ఇవ్వాలి. ఆదివారం నాడు కృపారావు దాన్ని లేచి నిలబడి సంఘానికి చదివి వినిపిస్తాడు. చదవడం అయ్యాక పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, తప్పు చేసినవాణ్ని దగ్గరికి తీసుకుంటారు, అక్కడితో ఆ సంగతి సమాప్తం. మళ్లీ ఎవరూ ఎత్తరు. ఇరవయ్యేళ్లుగా ఆ పత్రాలు మొగుడి చేతిసంచిలో చూస్తోంది బేబమ్మ. తప్పు ఉన్నా లేకపోయినా తలవంచితే పెద్దలు కరుగుతారని ఆమెకు గట్టి నమ్మకం.

అందుకే మంగళవారం మధ్యాహ్నం, మొగుడు పలక్క, కూతురు తినక, ఇల్లు శవం లేచిన ఇల్లులాగ ఉంటే, ఆమె కూతురి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఆ పత్రాల మాటల్లోనే క్షమాపణ రాసింది. నెట్టు కృపారావు పేరున ఉంది కాబట్టి కింద కృపారావు అని పెట్టింది. వీధిలో వైరు సర్దుతున్న కేబుల్ ఉమాశంకర్‌ను పిలిచి ఇచ్చింది.

“మీ పెద్దోళ్లకి అందియ్యి బాబూ. సేతిలోనే పెట్టు.”

“మంచి పని చేసేరు ఆంటీ. కాళ్లట్టుకుంటే కంపెనీ అయినా కరగాలి” అన్నాడు ఉమాశంకర్.

బుధవారం ఉదయం ప్రిస్కిల్లా ఎవరితోనో ఫోనులో అంది: “క్షమాపణ అన్నామా, తప్పు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఏ రుజువు చూపించినా నమ్మరు.”

ఆ మాట విన్నాక బేబమ్మ నోరు కూడా మూతపడింది. అయితే ఆవిడది కృపారావు మౌనంలాంటిది కాదు. పైకి వాగుతూనే ఉంది. ఆ ఒక్క మాట తప్ప.

బస్సు విజయనగరం కోట దగ్గర ఆగేసరికి, ఉమాశంకర్ ఆ కాగితాన్ని ఎక్కడో పారేసుకుని ఉంటే బాగుండునని పదోసారి ప్రార్థన చేసుకుంది. పిల్లాడు అసలే మతిమరుపువాడు. బిల్లు పుస్తకమే రెండుసార్లు పారేసుకున్నాడు. ప్రభువా, మూడోసారి కూడా.

*

ఆఫీసులో వాళ్లను పిలిచిన మనిషి పేరు ధర్మేంద్ర. ముప్ఫై దాటి ఉండవు. బల్ల మీద ఫైలు, పక్కన సగం తాగిన టీ. “కూర్చోండమ్మా” అన్నాడు. ఆ మాటకే బేబమ్మ గుండెల్లో బరువు సగం దిగింది. మిగతా సగం ఆ ఫైలు మీద ఉంది. ఫైలు లావుగా లేదు. మంచిదే.

ప్రిస్కిల్లా చెప్పడం మొదలుపెట్టింది. తొణకలేదు. ఏం పంచిందో చెప్పింది, ఎవరికి పంచిందో చెప్పింది, లైసెన్సు కాగితాలు ముందు పెట్టింది. ఇంగ్లీషు ఏడు పేజీలు, తను రాసిన తెలుగు సారాంశం మూడు పేజీలు.

ధర్మేంద్ర తిప్పి చూశాడు. “దీని ఓనర్ ఎవరు?”

“ఒక్క ఓనర్ ఉండరు సార్. వేలమంది కలిసి రాశారు.”

“ఒక్క ఓనర్ లేకపోతే పర్మిషన్ ఎవరిచ్చారమ్మా?”

“రాసిన ప్రతివాళ్లూ ఇచ్చారు సార్. అదే ఈ లైసెన్సు.”

“దీని మీద స్టాంపు లేదు. సంతకం లేదు.” ఆయన గొంతులో ఎగతాళి లేదు, ఇబ్బంది ఉంది. “నెట్‌లో ప్రింటు తీసిన కాగితం ఎవరైనా తేవచ్చు. పైగా టోరెంటులో వెళ్లిందని మా సిస్టం చూపిస్తోంది. సినిమాలన్నీ వెళ్లేది అందులోనే.”

ప్రిస్కిల్లా కాగితాల మీంచి కళ్లెత్తింది. తండ్రి వైపు చూసింది.

“మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు సార్. కొత్తవలస లైను మీద ఎన్నేళ్లో నడిచారు. ఆ పట్టాల మీద ఇనుప ఖనిజం వెళ్తుంది, బొగ్గు వెళ్తుంది, ప్యాసింజరూ వెళ్తుంది. ఏదో ఒక పెట్టెలో దొంగసరుకు దొరికిందని పట్టాల మీద కేసు పెట్టరు కదా సార్. పెట్టె తెరిచి చూస్తారు. నా పెట్టె తెరిచి చూడండి. అంతే నేనడిగేది.”

కృపారావు తల పైకెత్తాడు. ఐదు రోజుల్లో ఆయన కూతురి ముఖంలోకి చూడటం బేబమ్మ చూడలేదు. ఇప్పుడు చూశాడు.

ధర్మేంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. “నాకు అర్థమైందమ్మా. కానీ నాకు అర్థమైతే చాలదు, ఫైలుకి అర్థం కావాలి. ఈ లైసెన్సు నిజమైనదేనని మా కంపెనీ ఒప్పుకునే కాగితం ఏదైనా ఉందా? ఒక్కటి చాలు.”

ప్రిస్కిల్లా భుజాలు జారాయి. “మీరు ఇంటికిచ్చే వైఫై డబ్బాలో కూడా ఇదే సాఫ్ట్‌వేరు ఉంటుంది సార్. డబ్బాతో పాటు వచ్చే చీటీ మీద ఈ లైసెన్సు పేరు ఉంటుంది. కానీ ఆ చీటీ ఎవరు దాచుకుంటారు? అట్టపెట్టెతో పాటే...”

జిప్పు చప్పుడైంది.

బేబమ్మ సంచిలోకి చెయ్యి పెట్టింది. కరెంటు బిల్లులు తప్పించింది, బాప్తిస్మం సర్టిఫికెట్లు తప్పించింది, మిక్సీ గ్యారంటీ తప్పించింది. ఎనిమిది మడతల చీటీ ఒకటి తీసి, ఒళ్లో మెత్తగా చదును చేసి, బల్ల మీద పెట్టింది.

“ఇదేనేటి, సూడండి బాబూ. ఆ డబ్బా బిగించిన రోజు ఇచ్చినారు. నాను ఏ కాగితమూ పారీను.”

ప్రిస్కిల్లా తల్లిని చూసిన చూపుకు బేబమ్మ కళ్లు చెమర్చాయి. మరో రోజైతే ఆ చూపు ఏడాది దాచుకునేది. ఇవాళ దాన్ని అందుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

చీటీలో అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. ధర్మేంద్ర ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాడు. పైన కంపెనీ గుర్తు. అడుగున ఒక పేరా. ఆ పేరా చదివి, ప్రిస్కిల్లా కాగితాల మొదటి పేజీ చూశాడు. మళ్లీ చీటీ చూశాడు. రెండింటి మీదా ఒకటే పేరు.

“కాపీ చేసుకోవచ్చు, పంచవచ్చు... మా చీటీ మీదే ఉంది!” నవ్వేశాడు. “అంటే దీన్ని మేమే ఇంటింటికీ పంచుతున్నామన్నమాట.”

“అవును సార్.”

ఆయన ఎవరికో ఫోను చేశాడు. లేచి అద్దాల గదిలోకి వెళ్లి చీటీ చూపించాడు. తిరిగి వచ్చేటప్పుడు నడకలో తేడా ఉంది.

“క్లోజ్ చేసేయమన్నారు. తప్పు లేదని కంపెనీ లెటర్ ఇప్పుడే ఇచ్చేస్తాను. స్కూల్లో చూపించుకోమ్మా. ఇంతమందికి నోటీసులిచ్చాం గానీ, ఇలా వచ్చి కూర్చుని చెప్పింది నువ్వొక్కదానివే.”

ప్రిస్కిల్లా రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. బేబమ్మ లోపల స్తోత్రం చెప్పుకోవడం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది.

ధర్మేంద్ర ఫైలు తెరిచాడు. నోటీసు కాపీ తిప్పాడు. దాని వెనకాల గుచ్చి ఉంది, నోటుపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం.

ఉమాశంకర్ ఈసారి ఏదీ పారేసుకోలేదు.

ధర్మేంద్ర మనసులోనే చదువుకున్నాడు. నవ్వు పోయింది. ఈసారి పైకి చదివాడు.

“నెట్ కంపెనీ పెద్దలకు వందనములు. మా కుమార్తె తెలిసీ తెలియక చేసిన అపరాధమును ఒప్పుకొనుచున్నాము. దయతో మన్నించి మమ్మును మరల మీ సహవాసములో చేర్చుకొనవలెనని వేడుకొనుచున్నాము. ఇట్లు, కృపారావు.”

ప్రిస్కిల్లా తండ్రి వైపు తిరిగింది. ఆ మాటలు ఎవరివో చర్చికి వెళ్లే ఎవరైనా పోల్చగలరు. ఇరవయ్యేళ్లుగా ఆదివారం ఆదివారం ఆ గొంతులోనే విన్న మాటలు.

“నాన్నా?” అంది. “నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వీళ్లకి రాసిచ్చావా?”

కృపారావు ఆ కాగితం వైపు చూస్తున్నాడు. ఆ దస్తూరీ ఆయనకు తెలుసు. కొత్తవలస నుంచి భార్య పుట్టింటికెళ్లిన ప్రతిసారీ ఉత్తరాల్లో వచ్చిన దస్తూరీ. బేబమ్మ వైపు మాత్రం చూడలేదు.

“సార్,” ధర్మేంద్ర పెన్ను కింద పెట్టాడు. “తప్పు ఒప్పుకున్నట్టు కస్టమరు సంతకంతో కాగితం ఉంటే నేనెలా క్లోజ్ చేస్తాను? ఇది మీ సంతకమేనా? మీదే అయితే మీ అమ్మాయి చెప్పిందంతా వృథా. మీది కాకపోతే, మీ పేరు మీద ఎవరో దొంగ సంతకం పెట్టినట్టు. అది ఇంకో గొడవ. చెప్పండి.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. టీ కప్పు మీద మీగడ తెట్టు కట్టింది. బయట కౌంటర్లో ఎవరో నెట్ రావడంలేదని అరుస్తున్నారు.

బేబమ్మ నోరు తెరిచింది. సంవత్సరాలుగా జరగబోయే ఘోరాలన్నీ ముందే చెప్పిన నోరు, జరిగినదాన్ని చెప్పలేకపోయింది. కృపారావు అబద్ధమాడడు. ఒక్క అబద్ధం కూడా ఆడడు. నిజం చెబితే తను దొంగ. చెప్పకపోతే పిల్ల దొంగ. ముగ్గురం వెళ్తాం, ఇద్దరమే వస్తాం అని పొద్దున తను అన్న మాట తన మీదికే నడిచి వస్తున్నట్టుంది.

“సార్?” అన్నాడు ధర్మేంద్ర మళ్లీ.

ప్రిస్కిల్లా తల దించుకుంది. బేబమ్మ కుర్చీ అంచు పట్టుకుని లేవబోయింది.

ఆమె మోచేతి మీద ఒక చెయ్యి పడింది. గరుకు చెయ్యి. కూర్చోమన్నట్టు నొక్కింది.

“సంతకం నాది కాదండి” అన్నాడు కృపారావు.

ఐదు రోజులు వాడని గొంతు బొంగురుగా వచ్చింది. ఒకసారి దగ్గి సవరించుకున్నాడు.

“నా ఇంటిదాన్ది. ఆ నోటీసు సదివితే నాకు ఒక్క ముక్క బోధపడలేదు బాబూ. పదిమందికి సదివి వినిపించేవోణ్ని, బోధపడలేదని కూతుర్ని అడగడానికి సిగ్గేసి నోరు మూసుకున్నాను. నాను మాటాడుంటే ఆవిడ ఇది రాసుండేది కాదు. పట్టాల సంగతి మా పిల్ల సెప్పినాక ఇప్పుడు బోధపడ్డాది. దాని తప్పు లేదు. ఈవిడా దొంగతనంగా రాయలేదు, బెదిరిపోయి రాసింది.” బల్ల మీదున్న ఫైలును ధర్మేంద్ర వైపు మెల్లగా జరిపాడు. “ఓ తెల్ల కాగితం ఇప్పించండి. ఆ కాగితం నాది కాదని, పిల్ల తప్పు లేదని నాను సెప్తాను, ఆవిడే రాస్తాది, కింద సంతకం నాను ఎడతాను. రెండు దస్తూరీలూ పక్కపక్కన ఎట్టి సూసుకోండి.”